నీ పేరే పెట్టిన

ఫ్యాక్టరీలోకి ముందు ఆ మాట వచ్చింది, కంప్యూటర్లు తర్వాత వచ్చాయి.

బోధన్ దాటి రెంజల్ పోయే తోవలో ఉన్న ఆ ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో, రెండువేల మూడో సంవత్సరం మొదట్లో, గానుగ మంచి జోరు మీద ఉన్న రోజుల్లో, జనరల్ మేనేజరు ఆఫీసర్లను కూర్చోబెట్టి "మనకు సాప్ వస్తున్నది" అన్నాడు. లెక్కలు, కొనుగోళ్లు, స్టోరు, జీతాలు, అన్నీ ఒకే తాటి మీద నడిపించే పెద్ద సాఫ్ట్‌వేర్ అది. హైదరాబాదులో పెద్ద కంపెనీలన్నీ పెట్టుకున్నాయి, మనమెందుకు పెట్టుకోకూడదని పై వాళ్లకు అనిపించింది. గదిలో ఉన్నవాళ్లకు అర్థమైనంత అర్థమైంది. తలుపు బయట చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాడి చెవిన పడ్డది ఆ ఒక్క మాటే. వాడి నోటి నుంచి అది ఫ్యాక్టరీ అంతా తిరిగింది.

నాందేడ్ దిక్కు నుంచి చెరుకు నరకడానికి వచ్చిన మరాఠీ కూలీలకు సాప్ అంటే పాము. యార్డులో బండ్ల కింద కర్రలు పెట్టి వెతికారు. ఆఫీసు ఊడ్చే పెంటవ్వకు సాప్ అంటే పరుచుకునే సాప. "కొత్త సాపలొస్తున్నయంట, పాతయి నాకు పడేయుండ్రి" అని గది గదికీ తిరిగి అడిగింది. కాటా దగ్గర బండ్లు తూచే లింబాద్రి మాత్రం సగం ఉర్దూ మనిషి. "సాప్ కాదుర బై, సాఫ్. సాఫ్ జేస్తరంట మనల్ని. ఊడ్చి పారేస్తరు" అన్నాడు.

ముగ్గురి మాటల్లో ముత్తన్న కడుపులో దిగబడ్డది లింబాద్రి మాట.

ముత్తన్న ఆ ఫ్యాక్టరీ స్టోర్ కీపరు. బేరింగులు, నట్లు, గొలుసులు, పంపుల్లో పెట్టే ప్యాకింగు, గోనె సంచుల దాకా, గేటులోంచి వచ్చిన ప్రతి వస్తువూ ఆయన చేతి మీదుగా లోపలికి పోవాల్సిందే, ఆయన చేతి మీదుగా బయటికి రావాల్సిందే. తాళంచెవుల గుత్తి నడుముకు వేలాడుతుంటే, ఆయన ఎటు నడుస్తున్నాడో చూడకుండానే తెలిసిపోయేది. ఆయనదొక పద్ధతి. మిల్లు దగ్గర బేరింగు పగిలిందని ఫిట్టరు పరుగున వచ్చినా సరే, "పాతది తే, కొత్తది ఇస్త" అనేవాడు. పగిలిన ముక్క కళ్లతో చూస్తేగాని కొత్తది చేతికి రాదు. ఈ పద్ధతి ఇంట్లోకి కూడా వచ్చేసింది. కుక్కర్ రబ్బరు తెమ్మని భార్య తిరుపతమ్మ అడిగినా ముందు పాత రబ్బరు సాగదీసి చూసేవాడు. అనుమానం ఆయనకు ఉద్యోగంలో భాగం. జీతం కూడా దానికే ఇస్తున్నారని ఆయన నమ్మకం.

అలాంటి మనిషితో జనరల్ మేనేజరు ఒకరోజు, స్టోరు గుమ్మంలో నిలబడే, తేలిగ్గా ఒక మాట అనేసి పోయాడు. "కొత్త సీజన్ నుంచి స్టోరుకు ఒక్క మనిషి చాలు. ఈస్టర్ తర్వాత సోమవారం హైదరాబాదు నుంచి సాప్ ఆయనొచ్చి చూస్తాడు. సాప్ ఎవరికొస్తే వాళ్లుంటారు."

స్టోరులో ఉన్నది ఇద్దరు. ఒకరు ముత్తన్న. రెండోవారు టైపిస్టు రూతమ్మ.

రూతమ్మది బోధన్. మెతడిస్టు చర్చికి పోయే కుటుంబం. భర్త ఏసుదానం ట్రాక్టర్లు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. పొద్దున వచ్చి టైపు మిషను మీద గుడ్డ తీస్తే, సాయంత్రం గుడ్డ కప్పే దాకా తల ఎత్తదు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నల్లటి జిప్పు సంచీ తీస్తుంది. దాని మీద బంగారు రంగు సిలువ. అది బైబిలు సంచీ అని అందరికీ తెలుసు. ఆమె చదువుకునేటప్పుడు ఎవరూ కదిలించరు. లింబాద్రి అంతటి వదరుబోతు కూడా గొంతు తగ్గిస్తాడు.

ముత్తన్నకు కూడా ఇన్నేళ్లూ అందులో అనుమానించదగ్గది ఏదీ కనిపించలేదు. మేనేజరు ఆ మాట అన్న తర్వాత కనిపించడం మొదలైంది. బైబిలు చదివేవాళ్లు పెన్సిలు ఎందుకు పట్టుకుంటారు? గీతలు ఎందుకు గీస్తారు? ఒకరోజు ఆమె పెదవులు కదులుతుంటే, అల్మారా వెనక చెవులు రిక్కించి విన్నాడు. "వెండర్" అన్నది. మళ్లీ "వెండర్" అన్నది. ఏసుప్రభువు కథల్లో వెండరు ఎవరో ఎంత ఆలోచించినా ముత్తన్నకు తట్టలేదు.

ఆమె డబ్బా కడగడానికి కుళాయి దగ్గరికి పోయినప్పుడు ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచి ఆగాడు. ఎవరి దేవుడైనా దేవుడే కదా అని చెప్పులు విడిచాడు. అప్పుడు జిప్పు లాగాడు.

లోపల బైబిలు లేదు. జిరాక్సు కాగితాలు. అట్ట మీద అమీర్‌పేట ఇన్‌స్టిట్యూటు ముద్ర. ప్రతి పేజీలో కంప్యూటరు తెర బొమ్మ, దాని పక్కన బాణాలు, బాణాల పక్కన రూతమ్మ చేతిరాత. బేరింగు దొంగిలిస్తూ పట్టుబడ్డ ఫిట్టరును చూసినా ఆయనకు ఇంత కోపం వచ్చేది కాదు. దొంగతనమైతే మేనేజరుకు చెప్పొచ్చు. చదువుకుంటున్నదని ఎవరికి చెప్పుకుంటాడు?

నేర్చుకోవడం తప్పు కాదు, అది ఆయనకూ తెలుసు. దాచిపెట్టి నేర్చుకోవడం దగ్గరే ఆయనకు మంట. దేవుడి సంచీలో పెట్టి మరీ దాచిందంటే, ఎవరి నుంచి దాచినట్టు? ఈ గదిలో ఇంకెవరున్నారు?

చెప్పులు తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు బేరింగు డబ్బాల దగ్గరికి పోయాడు. ఆ సాయంత్రమే తను కూడా నేర్చుకోవాలని తీర్మానించుకున్నాడు. అదీ ఎవరికీ తెలియకుండానే. ఆమె చేస్తే మోసం, తను చేస్తే జాగ్రత్త.

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. "పంటి నొప్పి, దవాఖానకు పోతున్న" అని తిరుపతమ్మకు చెప్పాడు. ఖలీల్‌వాడిలో దవాఖానల నడుమ ఒక కంప్యూటర్ సెంటరు ఉంది. అక్కడ సాప్ అని అడిగితే వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఇది నేర్చుకోండి, తర్వాత అదే వస్తుందని చెప్పి కూర్చోబెట్టారు. ఒక ఆదివారం ఇల్లు బొమ్మ గీయించారు. ఇంకో ఆదివారం దానికి రంగు వేయించారు. ఆ తర్వాతి ఆదివారం ఆయన పేరు పెద్ద అక్షరాల్లో కొట్టించి, నీలం రంగు అద్దించి, కాగితం మీద తీసి చేతికిచ్చారు. ముత్తన్నకు ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది. బస్సులో వస్తుంటే, ఈ నీలం రంగు పేరుతో స్టోరులో ప్యాకింగు ఎట్లా ఇవ్వాలో తెలియక దిగులు పట్టుకుంది.

ఇంట్లో తిరుపతమ్మ ఇంకో దిగులుతో ఉంది. "పంటి నొప్పికి ఇస్త్రీ అంగెందుకు? ఆదివారం ఏ డాక్టరుంటడు? నోరు దెరువు, ఏ పన్నో సూస్త" అన్నది. ఆయన నోరు తెరవలేదు. తను అనుమానించడమే తప్ప తనను ఇంకొకరు అనుమానిస్తే ఎట్లా ఉంటుందో ఆయనకు అంతవరకూ తెలియదు. బాగాలేదు.

సెంటరు మానేసి, ఇక రూతమ్మనే చదువుగా పెట్టుకున్నాడు. స్టోరులో కొత్త కంప్యూటరు పెట్టి, ఏం చేసినా అసలు లెక్కలకు తగలని అభ్యాసం సాప్ అందులో ఇచ్చారు. నేర్పడానికి మాత్రం అకౌంట్స్ వాళ్లనే హైదరాబాదు తీసుకుపోయారు. స్టోరు వాళ్లు తమ చావు తాము చావాలి. రూతమ్మ రోజూ జిరాక్సు పక్కన పెట్టుకుని ఒక్కో బాణం ప్రకారం మీటలు నొక్కేది. తెర ఎర్రగా ఏదో తిట్టేది. మళ్లీ మొదటి నుంచి నొక్కేది. ముత్తన్న ఆమె వెనక అల్మారాలో అవే బేరింగులను మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ, కళ్లలో వత్తులు వేసుకుని తెర చూసేవాడు. సరుకు వచ్చిందని రాయడానికి "మీగో" అని కొట్టాలి. ఆ మాట పట్టేశాడు. స్కూటరు మీద పోతూ "మీగో, మీగో" అనుకునేవాడు. ఒకరోజు ఆమె లేనప్పుడు కొట్టి చూశాడు. తెర మీద ఎర్రటి గుర్తు వచ్చి, యంత్రం టింగుమన్నది. భయపడి గోడ మీది స్విచ్చే ఆపేశాడు.

మరునాడు రూతమ్మ తెర తెరిచి కొంతసేపు చూసింది. తర్వాత కుర్చీ జరిపింది.

"అన్నా, గిట్ల కూసో. నేను చూపిస్త. అంత కష్టమేం లేదు."

తప్పుడు దారి చూపించి మేనేజరు ముందర నవ్వులపాలు చేయడానికే ఈ మర్యాద అని ముత్తన్నకు వెంటనే అర్థమైంది.

"నాకెందుకమ్మా గివన్ని? నువ్వు నేర్చుకో. నువ్వు నేర్చుకుంటె నేను నేర్చుకున్నట్లె" అన్నాడు, నవ్వు ముఖం పెట్టి.

ఆమె కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకుంది.

గానుగ ఆగిపోయింది. మరాఠీ కూలీలు ఊళ్లకు పోయారు. మిల్లు విప్పి బాగుచేసుకునే కాలం వచ్చింది. ఫిట్టర్లు స్టోరు గుమ్మం వదలడం లేదు. గుడ్ ఫ్రైడే ముందు రోజు మధ్యాహ్నం రూతమ్మ సెలవు పెట్టి బయల్దేరింది. వాళ్లమ్మ యేసమ్మ ఏర్గట్లలో ఉంటుంది. ఈస్టరు అక్కడే చేసుకుని సోమవారం పొద్దున నేరుగా డ్యూటీకి వస్తానన్నది. హైదరాబాదు ఆయన వచ్చేది ఆ సోమవారమే.

గుమ్మంలో ఇద్దరు ఫిట్టర్లు, ఏదో వంకతో వచ్చిన లింబాద్రి నిలబడి ఉన్నారు. సంచీ భుజాన వేసుకున్న రూతమ్మ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. అటూ ఇటూ చూసి, ముత్తన్న చెవి దగ్గరికి వంగి, మెల్లగా అన్నది.

"అన్నా, నీ పేరే పెట్టిన. ఎవ్వలకు చెప్పకు."

అంతే. పోయింది.

ముత్తన్న చేతిలో ఉన్న నట్టు జారి కింద పడింది. లింబాద్రి అడిగాడు. "ఏమన్నదే?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె మొకం గట్లెందుకైంది?"

"ఎండ" అన్నాడు ముత్తన్న, నీడలో నిలబడి.

నీ పేరే పెట్టిన. ఎందులో పెడుతుంది? సాఫ్ చేసేవాళ్ల పేర్లలో. ఇద్దరిలో ఎవరిని తీసేయాలో కంప్యూటరులో పెట్టమని మేనేజరు ఆమెకే చెప్పి ఉంటాడు. ఆమె పెట్టేసింది. పెట్టి, జాలిపడి, చెవిలో చెప్పి, ప్రార్థనకు పోయింది. ఎన్ని చలికాలాలు ఒకే కుంపటి దగ్గర చేతులు కాచుకున్నారు! ఆమె కొడుకుకు జ్వరమొస్తే ఈ ముత్తన్న స్కూటరు మీదే కదా దవాఖానకు తీసుకుపోయింది!

శుక్రవారం సెలవు. ఆ రోజంతా ఆయన అన్నం సయించక తిరిగాడు. శనివారం ఫ్యాక్టరీకి పోయి, ఫిట్టర్లు తిండికి పోయిన సమయం చూసి, లోపలి గడియ పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ పేర్లు కళ్లతో చూడాలి. పాత ముక్క చూడకుండా కొత్తది ఇచ్చిన మనిషి కాదు ఆయన.

పైన వాడేవారి పేరు అడిగింది. స్టోర్ అని కొట్టాలి, అది చూసి పట్టుకున్నదే. కింద పాస్‌వర్డ్ అడిగింది. ఎనిమిది అక్షరాలు మించకూడదని రూతమ్మ ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాడు. ముత్తన్న తల గోక్కున్నాడు. భక్తురాలు కదా, ఏసు అని కొట్టాడు. కాదన్నది. ఏసుదానం అని కొట్టబోతే చివరి అక్షరం పట్టలేదు. ఉన్నంత మటుకే పంపితే కాదన్నది. కొడుకు పేరు కొట్టాడు. మరియ అని కొట్టాడు. మేనేజరు పేరు కూడా కొట్టాడు, ఇద్దరూ ఒకటే అయి ఉంటారని. ప్రతిదీ కాదన్నది. ఇంకొకటి కొట్టేసరికి తెర కింద ఒక కొత్త వాక్యం వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. అందులో ఆయనకు బాగా తెలిసిన మాట ఒకటే ఉంది. లాక్.

నడుముకు ఇన్ని తాళంచెవులున్నాయి. ఏదీ దీనికి పట్టదు.

ఆదివారం సాయంత్రం తిరుపతమ్మ ఇక ఊరుకోలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇగ చెప్తవా, మీ బాపును పిలిపియ్యమంటవా?"

"నన్ను సాఫ్ జేసిండ్రు" అన్నాడు ముత్తన్న.

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"రూతమ్మనే. నా పేరే పెట్టిందట."

"ఎందుల పెట్టింది?"

ముత్తన్న తాళంచెవుల గుత్తి తీసి ఒక్కో చెవీ లెక్కపెట్టసాగాడు.

"అడగలేదా?" అన్నది తిరుపతమ్మ. "నట్టు పోతె నూరు మాట్లడుగుతవు. నౌకరి పోతుంటె ఒక్క మాటడగలేదా?"

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాల్సిన పని లేదు.

సోమవారం స్టోరులో కుర్చీలు వేశారు. జనరల్ మేనేజరు వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చిన సాప్ ఆయన పేరు రాజారాం, చేతిలో ల్యాప్‌టాప్. రూతమ్మ బస్సు దిగి నేరుగా వచ్చింది, కొత్త తెల్ల చీరలో. కిటికీ బయట లింబాద్రి, వాడి వెనక ఇద్దరు ఫిట్టర్లు. సినిమా చూడటానికి వచ్చినట్టే వచ్చారు.

రూతమ్మ కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. తెర ఎర్రగా కాదన్నది. మళ్లీ కొట్టింది. మళ్లీ కాదన్నది.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు. "ఇంకా తెరవడమే రాలేదా?"

రాజారాం తన ల్యాప్‌టాప్‌లో ఏదో చూశాడు. "లాక్ అయింది సార్. శనివారం మధ్యాహ్నం ఎవరో తప్పుడు పాస్‌వర్డులు వరసగా కొట్టారు. ఈ కంప్యూటరు నుంచే." రూతమ్మ వైపు తిరిగాడు. "శనివారం మీరున్నారా?"

"లేను సార్. ఏర్గట్లకు పోయిన."

గదిలో ఇక మిగిలింది ఒక్కడే. మేనేజరు చూపు ముత్తన్న దగ్గరికి మెల్లగా వచ్చింది. నడుము దగ్గర తాళంచెవులు వాటంతట అవే గలగలమన్నాయి. ఉద్యోగం ఇప్పుడు పోతుంది, దొంగ అనే పేరుతో పోతుంది, అనుకున్నాడు. ఇన్నేళ్లు ఫిట్టర్ల జేబులు తడిమిన వాడు, వాళ్ల కళ్ల ముందరే.

"సార్, అన్నకు పాస్‌వర్డ్ నేనే చెప్పి పోయిన" అన్నది రూతమ్మ. "నేను లేనప్పుడు ఏమన్న పని పడితే ఉంటదని."

ముత్తన్న తల ఎత్తాడు. ఆమె తనను కాపాడటానికి అబద్ధమాడుతున్నదనుకున్నాడు. ఎందుకు ఆడుతున్నదా అని, ఆ స్థితిలో కూడా, ఒక చిన్న అనుమానం.

"చెప్పిపోతే తప్పెట్లా కొడతాడు?" అన్నాడు రాజారాం. ముత్తన్నను అడిగాడు. "మీకేం చెప్పింది?"

"ఏం చెప్పలేదు సార్" అన్నాడు ముత్తన్న. "నీ పేరే పెట్టిన అన్నది. గంతె."

రాజారాం నవ్వు ఆపుకోవడానికి ల్యాప్‌టాప్ వైపు వంగాడు. కిటికీ బయట లింబాద్రి నోరు తెరిచాడు. వాడికి ముందు అర్థమైంది. ముత్తన్నకు అందరికంటే చివర అర్థమైంది, అర్థమైన చోటే నిలబడిపోయాడు.

"మరి నువ్వేం కొట్టినవన్నా?" అన్నది రూతమ్మ.

ఇక దాచడానికి ఏముంది? "ఏసు అని కొట్టిన. మీ ఇంటాయన పేరు కొట్టిన. పిలగాని పేరు. మరియ అని..."

"మరియనా?" ఆమెకు నవ్వొచ్చింది. "మేం మెతడిస్టులం గదన్నా. మరియమ్మకు మొక్కేది వేరేవాళ్లు."

"నాకేమెర్కనమ్మా" అన్నాడు ముత్తన్న, చిన్నపిల్లవాడిలా.

రాజారాం లాక్ తీశాడు. రూతమ్మ లేచి కుర్చీ జరిపింది, ఆ రోజు జరిపినట్టే. "నువ్వే కొట్టన్నా."

ఈసారి కూర్చున్నాడు. ఒంటి వేలితో, ఎమ్ దగ్గర మొదలుపెట్టి, ఖలీల్‌వాడిలో నీలం రంగు అద్దిన ఆ పేరునే కొట్టాడు. సరిగ్గా ఎనిమిది అక్షరాలు. తెర తెరుచుకుంది. సరుకు వచ్చినట్టు రాయడానికి పైన ఏం కొట్టాలో కూడా ఆయనే కొట్టాడు, మీగో. రూతమ్మ ఆశ్చర్యపోలేదు. ఆయన తన వెనక నిలబడి నేర్చుకున్నది ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు.

ఆ తర్వాత ఆమె చేసి చూపించింది. పంపుకు ప్యాకింగు కావాలని రాసింది. రాసిన తర్వాత అది ముందుకు పోకుండా ఆగింది. ఒప్పుకోవలసిన మనిషి అని ఒక గడి, ఆ గడిలో ముత్తన్న పేరు.

"ఇదేంటి?" అన్నాడు మేనేజరు. "ఒక్కరే చేసుకోవచ్చు కదా?"

"చేసుకోవద్దు సార్. రాసినోళ్లే ఒప్పుకుంటె దొంగతనమైతదని పుస్తకంల ఉన్నది. ఇద్దరుండాలె. ఎవ్వల పేరు పెట్టాల్నని రాజారాం సార్ ఫోన్ల అడిగితె, అన్న పేరు చెప్పిన."

"అలా పెట్టుకోవడమే మంచిది సార్" అన్నాడు రాజారాం. "ఒక్కరితో నడిపితే ఆడిట్ వాళ్లు ఊరుకోరు."

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. "సరే, వచ్చే సీజను ఇద్దరూ ఉండండి. తర్వాత చూద్దాం" అని లేచాడు. తర్వాత చూద్దాం అన్న మాటను మామూలుగా అయితే ముత్తన్న వారం రోజులు నమిలేవాడు. ఆ పొద్దున దాన్ని వదిలేశాడు. రాజారాం ముత్తన్నకంటూ వేరే లాగిన్ తయారుచేసి, మొదటిసారికి ఒక పాస్‌వర్డ్ చెప్పి, మేనేజరు వెంట పోయాడు.

కుర్చీలు తీసేశాక గదిలో ఇద్దరే మిగిలారు. ముత్తన్నకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అడిగాడు. ఈసారి అడగకపోతే తిరుపతమ్మ ఇంట్లోకి రానివ్వదు.

"నా పేరెందుకు పెట్టినవు రూతమ్మా? పాస్‌వర్డు సంగతి అడుగుతున్న."

"నా ఎన్కనే నిలబడి చూస్తవు గదా. ఎవ్వల పేరు పెట్టినా ఒకనాడు కనిపెడ్తవు. నీ పేరు మాత్రం నువ్వు కొట్టి చూడవని పెట్టిన."

"మరి దేవుని సంచిల దాచుకున్నవెందుకు?"

"బైబిలు పట్టుకుంటె ఎవ్వలు పని చెప్పరన్నా. కాయితాలు పట్టుకుంటె ఇది టైపు కొట్టు, అది టైపు కొట్టు అంటరు." సంచీ తీసి చూపించింది. "జిప్పు ఆ మూల కాదు, ఈ మూలకేస్త నేను. నువ్వు తీసినవని ఆనాడే ఎర్క."

"మరి గన్ని తెలిసి... ఒప్పుకునేటోడు నేనే అని ఎందుకు చెప్పినవు? ఒక్క మాటతోని నన్ను సాగనంపొచ్చు గదా."

రూతమ్మ టైపు మిషను మీది గుడ్డ సరిచేసింది. ఇక దానితో పని లేదు. అయినా సరిచేసింది.

"నువ్వు పోతె ఇంకెవన్నో తెచ్చి కూసోబెడ్తరు. నీ అనుమానం నాకలవాటైంది. కొత్తోని అనుమానం ఎట్లుంటదో ఏమెర్క?"

ముత్తన్నకు ఆ మాట ఎక్కడో తగలాల్సిన చోటే తగిలింది. తిట్టినా బాగుండేది అనిపించింది. తన కొత్త లాగిన్‌లో రాజారాం చెప్పిన పాస్‌వర్డ్ కొట్టాడు. తెర ఇంకేదో అడిగింది.

"ఏమంటున్నదమ్మా ఇది?"

"అది మార్చుకొని, నీది నువ్వు పెట్టుకొమ్మంటున్నది. ముందుగాల పాతది మళ్లొకసారి కొట్టాలె. పాతది ఇస్తెనే కొత్తది ఇస్తది, నీ లెక్కనే."

ఆయన పాతది కొట్టాడు. కొత్తది కొట్టడానికి వేలు మీట మీద పెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. వెనక నిలబడ్డ రూతమ్మ అప్పటికే ముఖం అటు తిప్పుకుని, గోడ వైపు చూస్తూ నిలబడి ఉంది.

ఆ కాలమంతా తను ఆమె వీపు వెనక నిలబడిన చోటు అదే. బేరింగుల అల్మారా ముందర, ఆ బండ మీదనే.

"రూతమ్మా, ఇటు తిరుగమ్మా" అన్నాడు. "నాకు మీగో తప్ప ఏం రాదు. మొదటి నుంచి చూపియ్యి."

"చూపిస్త. అది కొట్టినంక తిరుగుత. పాస్‌వర్డ్ ఒకరిది ఒకరు చూడొద్దు" అన్నది ఆమె, గోడ వైపే చూస్తూ.

ముత్తన్న కళ్లు తుడుచుకుని, మీటలు వెతుక్కుంటూ, ఆర్ దగ్గర మొదలుపెట్టి, కొత్త పేరు ఒక్కో అక్షరమే కొట్టడం మొదలుపెట్టాడు.